బంగారు పాముకి బారసాల చేసిందెవరు?



నేను వృత్తిరీత్యా సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని. జంతుశాస్త్రంతో నాకున్న చుట్టరికం ఇంటర్మీడియట్‌లో ఎం.పి.సి. తీసుకున్న రోజునే తెగిపోయింది. అలాంటివాడు జంతువుల శాస్త్రీయ నామాల గురించి మాట్లాడతానంటే నిర్వాహకులకి అనుమానం రావడం సహజమే. "భోజనాల ముందు పాముల గొడవ ఎందుకండీ?" అని కూడా అడిగారు. వారికి చెప్పిన సమాధానమే మీకూ చెబుతాను.

ఇరవై ఏళ్లుగా నా ఉద్యోగం డేటాబేసులతో. ఒక వస్తువుకి ఒకటే గుర్తు ఉండాలి. ఒక గుర్తు ఒకే వస్తువుని చూపించాలి. ఒకసారి ఇచ్చిన గుర్తుని ఊరికే మార్చకూడదు. ఈ మూడు సూత్రాల కోసం మేము రోజూ తలలు బద్దలు కొట్టుకుంటూ ఉంటాం. ఇదే చిక్కుని కంప్యూటర్లు పుట్టకముందు నుంచీ, లక్షలాది ప్రాణుల విషయంలో, జీతం భత్యం లేకుండా విడదీస్తున్నవాళ్లు ఉన్నారని తెలిసి నాకు ఆశ్చర్యం వేసింది. వాళ్ల నియమాలు చదువుతూ పోతే అందులో మన పాలపిట్ట కనిపించింది, గుత్తి కనిపించింది, విశాఖపట్నం కనిపించింది. ఇక ఊరుకోలేకపోయాను.

ఒక ప్రాణికి ఒకే పేరు ఎందుకు?

మన దేవుళ్లకి సహస్రనామాలున్నాయి. ఏ పేరుతో పిలిచినా పలుకుతారు కాబట్టి ఇబ్బంది లేదు. జంతువులతో అలా కుదరదు. కట్లపాము అని ఒక ఊళ్లో అన్నది ఇంకో ఊళ్లో వేరే పాము కావచ్చు. చూడటానికి కట్లపాములాగే ఉండి, మనిషికి ప్రమాదం లేని పాము కూడా ఒకటుంది. ఇండియాలో పాముకాటుకి వాడే విరుగుడు మందు నాలుగు పాముల విషంతో తయారవుతుంది: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి. ఆ నాలుగూ ఏవో మందు తయారుచేసేవాళ్లకీ, లండన్‌లో పరిశోధన చేసేవాళ్లకీ, పల్లెటూరి ఆసుపత్రిలో డాక్టరుకీ ఒకే రకంగా అర్థం కావాలి. అందుకే అందరికీ ఉమ్మడిగా ఒక పేరు కావాలి.

ఆ పేరు పెట్టే పద్ధతి స్వీడన్ దేశస్థుడు కార్ల్ లినేయస్ స్థిరపరిచాడు. రెండు మాటల పేరు. మొదటిది ప్రజాతి, రెండోది జాతి. అమెరికావాళ్లకి ఇది కాస్త తలకిందులుగా కనిపిస్తుందేమో గానీ మనకి కొత్తేమీ కాదు. ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత! ఈ దేశం వచ్చాక ఫారాలు నింపేటప్పుడు ఏది ముందో ఏది వెనకో తెలియక మనం తికమకపడ్డాం గానీ, ఆ తికమకలో లినేయస్ మన పక్షానే ఉన్నాడు.

జంతువుల పేర్లకి మూలం లినేయస్ రాసిన 'సిస్టమా నేచురే' అనే గ్రంథం పదో కూర్పు. అది 1758లో వచ్చింది. నియమావళి ప్రకారం దాని ప్రచురణ తేదీ 1758 జనవరి 1. నిజంగా ఆ రోజున అచ్చయిందని కాదు. ఎక్కడో ఒకచోట లెక్క మొదలుపెట్టాలి కాబట్టి అలా నిర్ణయించారు. బడిలో చేర్చిన రోజున మేష్టారు వేసిన పుట్టినతేదీతోనే రిటైరైన పెద్దలు ఈ సభలో చాలామంది ఉన్నారు కనుక, ఇంతకన్నా వివరించనక్కర్లేదు. ఇంకో చిత్రం చూడండి. స్వీడన్‌లోనే క్లెర్క్ అనే ఆయన సాలెపురుగుల మీద 1757లో ఒక పుస్తకం వేశాడు. మంచి పుస్తకం, వదులుకోలేరు. కానీ అది గీతకి అవతల ఉంది. అందుకని అది కూడా 1758 జనవరి 1నే వచ్చినట్టు లెక్కవేసి, పైగా లినేయస్ పుస్తకం కన్నా దానికే ముందు స్థానం ఇచ్చారు.

వీటన్నిటినీ చూసుకునే సంస్థ ఒకటుంది. జంతునామాల అంతర్జాతీయ కమిషన్. 1895లో ఏర్పడింది. వివిధ దేశాల శాస్త్రజ్ఞులు ఇందులో సభ్యులు, అందరూ స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లే. వీళ్ల నియమావళి మొదటి కూర్పు 1961లో వచ్చింది. నాలుగో కూర్పు 1999లో అచ్చయి 2000 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఇంటర్నెట్‌లో మాత్రమే వెలువడే పత్రికల్లో పెట్టిన పేర్లని కూడా, ముందుగా నమోదు చేయించుకుంటే, 2012 నుంచి ఒప్పుకుంటున్నారు. ఈ కమిషన్‌కి పోలీసులు లేరు, జరిమానాలు లేవు. అయినా ప్రపంచంలో జంతుశాస్త్రజ్ఞులు దాదాపు అందరూ దీని మాట వింటారు. తెలుగు సంఘాలు రెండయ్యాయి, నాలుగయ్యాయి అని వాపోయే మనం ఈ విషయంలో వాళ్లని చూసి కొంచెం ఈర్ష్య పడవచ్చు.

ముందొచ్చినవాడిదే పేరు

మొదటి నియమం చాలా సులువు. ఒకే జంతువుకి ఇద్దరు పేర్లు పెడితే ముందు అచ్చయిన పేరే నిలుస్తుంది. ఎవరు గొప్పవాడు, ఎవరి పేరు అందంగా ఉంది అన్న ప్రశ్న లేదు.

పాలపిట్ట సంగతి చూద్దాం. దసరా నాడు పాలపిట్ట కనిపిస్తే మంచిదని మన పెద్దలు ఊరి బయటికి వెళ్లేవారు. ఇవాళ అది తెలంగాణ రాష్ట్ర పక్షి. 1758లో లినేయస్ దాన్ని కాకుల ప్రజాతిలో చేర్చి 'కార్వస్ బెంగాలెన్సిస్' అన్నాడు. బెంగాల్ నుంచి వచ్చిన పక్షి బొమ్మ ఆధారంగా పెట్టిన పేరది. 1766లో ఆ లినేయస్ గారే, వేరే ఆధారం చూసి, అదే పిట్టకి 'కొరాసియాస్ ఇండికా' అని మళ్లీ పేరు పెట్టాడు. చాలాకాలం పుస్తకాల్లో ఇండికా అనే చలామణీ అయింది. చివరికి ముందొచ్చిన పేరే నెగ్గింది. కాకుల ఇంట్లోంచి బయటికొచ్చి ఇప్పుడది 'కొరాసియాస్ బెంగాలెన్సిస్'. తెలంగాణ పక్షికి బెంగాల్ పేరేమిటని మీరు అడగవచ్చు. పేరు అతకలేదన్న కారణంతో దాన్ని కొట్టేయడానికి వీల్లేదని నియమావళి స్పష్టంగా చెబుతుంది. పేరు ఒక గుర్తు మాత్రమే, వర్ణన కాదు.

ఈ పిట్ట పేరు పక్కన లినేయస్ పేరూ 1758 అన్న సంవత్సరమూ బ్రాకెట్లలో రాస్తారు. ఆ బ్రాకెట్లకి అర్థం ఉంది. పేరు పెట్టినప్పుడు ఈ ప్రాణి వేరే ప్రజాతిలో ఉండేది, తర్వాత ఇల్లు మారింది అని. పెళ్లయ్యాక ఇంటిపేరు మారినా పుట్టింటివాళ్లు పెట్టిన పేరు పోనట్టే. బ్రాకెట్లు లేకపోతే ఇంకా పుట్టింట్లోనే ఉందన్నమాట. రెండు చిన్న గీతల్లో ఇంత చరిత్ర దాచడం చూసి, డేటాబేసులు కట్టేవాడిగా నేను ముచ్చటపడ్డాను.

రెండో నియమం: జంతువుల్లో ఒకే ప్రజాతి పేరు రెండింటికి ఉండకూడదు. మా ఆఫీసులో నలుగురు శ్రీనివాసులున్నారు. మొదట చేరిన ఆయనకే ఉత్త శ్రీనివాస్ అన్న ఈమెయిలు దొరికింది, మిగతావాళ్లు పేరు వెనక అంకెలు తగిలించుకున్నారు. ఇక్కడా అంతే. పిల్లలందరికీ ఇష్టమైన ప్లాటిపస్ ఉంది కదా, బాతుముక్కు జంతువు. దానికి 1799లో 'ప్లాటిపస్' అని ప్రజాతి నామం పెట్టారు. తీరా చూస్తే 1793లోనే ఒక పురుగుకి ఆ పేరు ఇచ్చేశారు. దాంతో పాపం ప్లాటిపస్ శాస్త్రంలో ప్లాటిపస్ కాకుండా పోయి 'ఆర్నితోరింకస్' అయింది. పిల్లలూ, ఈ ప్రశ్న రేపు క్విజ్ పోటీలో వచ్చినా రావచ్చు.

మూడో నియమం నాకు అన్నిటికన్నా నచ్చింది. పేరు అనేది ఒక వర్ణనకో ఊహకో కాదు, మ్యూజియంలో ఉన్న ఒక నిజమైన నమూనాకి ముడిపెట్టి ఉంటుంది. దాన్ని టైపు అంటారు. రేపు ఏదైనా తగాదా వస్తే వెళ్లి చూసుకోవడానికి మూలదస్తావేజు అన్నమాట.

ఈ దస్తావేజులోనే తేడా వస్తే? ఏనుగు విషయంలో అదే జరిగింది. ఆసియా ఏనుగుకి 1758లో లినేయస్ 'ఎలిఫాస్ మాక్సిమస్' అని పేరు పెట్టాడు. ఆయన ఆధారాల్లో ఒకటి సీసాలో నిలవచేసిన ఏనుగు పిండం. అది ఇప్పటికీ స్టాక్‌హోమ్‌లో ఉంది. ఆధునిక పద్ధతులతో పరీక్షిస్తే అది ఆఫ్రికా ఏనుగుదని తేలింది, 2013లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. మన గుళ్లో ఏనుగు పేరు ఆఫ్రికా ఏనుగు మెడకి కట్టి ఉందన్నమాట! అదృష్టవశాత్తూ లినేయస్ పేర్కొన్న ఆధారం ఇంకొకటుంది. జాన్ రే అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు 1664లో ఫ్లారెన్స్‌లో చూసి వర్ణించిన ఏనుగు అస్థిపంజరం. వెతికితే అది ఫ్లారెన్స్ మ్యూజియంలోనే పదిలంగా దొరికింది. పరీక్షిస్తే నిజంగానే ఆసియా ఏనుగు. పేరుని దానికి ముడివేశారు. మూడున్నర శతాబ్దాల పాటు ఒక ఎముకల గూడుని ఎవరో జాగ్రత్త చేయబట్టి మన ఏనుగు పేరు దక్కింది.

గుత్తి కథ కూడా ఇలాంటిదే. 1899లో పోకాక్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు మెరిసే నీలం రంగున్న ఒక పెద్ద సాలెపురుగుకి 'పొయెసిలొథీరియా మెటాలికా' అని పేరు పెట్టాడు. ఆయనకి ఆధారం ఒక్కటే నమూనా, అనంతపురం జిల్లా గుత్తి రైల్వే కలప యార్డులో దొరికినది. తర్వాత వందేళ్లు దాని జాడ లేదు. 2001లో మళ్లీ కనిపించింది, గుత్తిలో కాదు, అక్కడికి సుమారు వంద కిలోమీటర్ల దూరంలో, నంద్యాల గిద్దలూరుల మధ్య అడవిలో. మొదటిది కలపతో పాటు రైలెక్కి గుత్తి వచ్చి ఉంటుంది. అయినా కాగితాల్లో దాని సొంతవూరు గుత్తే. ప్రపంచమంతటా ఈ సాలెపురుగుని పెంచుకునేవాళ్లు గుత్తి పేరుతోనే పిలుస్తారు. ఉద్యోగం కోసం దిగిన ఊరే సొంతవూరుగా రికార్డులకెక్కిన మనవాళ్లకి ఈ సాలెపురుగు బాధ అర్థమవుతుంది.

తీర్పులు

ఇక్కడివరకూ నియమాలు. కానీ నియమాన్ని గుడ్డిగా నడిపిస్తే ఒక్కోసారి నష్టమే ఎక్కువ. అప్పుడు శాస్త్రజ్ఞులు కమిషన్‌కి అర్జీ పెట్టుకోవచ్చు. అర్జీ పత్రికలో అచ్చవుతుంది, ఎవరైనా అభ్యంతరాలు రాయవచ్చు, తర్వాత సభ్యులు ఓటు వేస్తారు. తీర్పు వచ్చేదాకా వాడుకలో ఉన్న పేరునే కొనసాగించాలి. మన కోర్టుల్లో స్టే ఆర్డర్ లాంటిదే.

గేదె కేసు వినండి. మన పాడిగేదెకి లినేయస్ 1758లోనే 'బుబాలిస్' అని పేరు పెట్టాడు. దాని పూర్వీకురాలైన అడవిగేదెకి 1792లో 'ఆర్నీ' అన్న పేరు వచ్చింది. రెండూ ఒకే జాతి అనుకుంటే ముందొచ్చిన పేరే నిలవాలి, అంటే అడవిగేదెని కూడా పెంపుడు గేదె పేరుతోనే పిలవాలి. గుర్రం, ఒంటె, మేక, పట్టుపురుగు వగైరాలది కూడా ఇదే పేచీ. తాతకి మనవడి పేరు పెట్టినట్టుంటుంది. అడవిలో మిగిలిన కొద్ది జంతువులని కాపాడే చట్టాలు రాసేటప్పుడు రెండింటికీ ఒకే పేరైతే చిక్కు కూడా. 2003లో కమిషన్ తీర్పు చెప్పింది: ఇలాంటి పదిహేడు అడవి జాతుల పేర్లు, వెనక వచ్చినవైనా సరే, చెల్లుతాయి. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అన్న సామెత గేదెల విషయంలో అక్షరాలా నిజమైంది.

అన్ని అర్జీలూ నెగ్గవు. ప్రయోగశాలల్లో వందేళ్లుగా వాడుతున్న పండ్ల ఈగ 'డ్రోసోఫిలా మెలనోగాస్టర్' మీద ఎన్నో నోబెల్ బహుమతులు వచ్చాయి. ఈ సభలో ఉన్న బయాలజీవాళ్లకి అది ఇంటి ఈగ లాంటిదే. చిక్కేమిటంటే డ్రోసోఫిలా ప్రజాతి పేరు ముడిపడి ఉన్నది ఈ ఈగకి కాదు, వేరే ఈగకి. ఆ పెద్ద కుటుంబాన్ని ఎప్పుడైనా వేరు కాపురాలు పెట్టిస్తే మన ఈగ 'సోఫోఫోరా' అయిపోతుంది. ఇంత పేరున్న ఈగ కాబట్టి ముడిని దీనికి మార్చండి అని అర్జీ పెట్టారు. 2010లో కమిషన్ కుదరదంది. ఎంత పేరుప్రఖ్యాతులున్నా ప్రత్యేక దర్శనం టిక్కెట్టు దొరకలేదు. అయితే ప్రయోగశాలల్లో దాన్ని ఇప్పటికీ డ్రోసోఫిలా అనే పిలుస్తున్నారు.

ఇక అన్నిటికన్నా ఇబ్బంది పెట్టే కేసు. ఇప్పటి స్లొవేనియా గుహల్లో కళ్లు లేని ఒక చిన్న పురుగుంది. 1937లో ఒకాయన దానికి హిట్లర్ పేరు పెట్టాడు. ఆ పేరు ఇప్పటికీ చెల్లుతోంది. ఇలాంటి పేర్లు మార్చాలని చాలామంది అడుగుతున్నారు. మంచి చెడ్డల తూకం వేసి పేర్లు మార్చడం మొదలుపెడితే నిలకడ పోతుందని కమిషన్ సభ్యులు 2023లో రాశారు. వృక్షశాస్త్రజ్ఞులు వేరే దారి పట్టారు. ఆఫ్రికా ప్రజలని కించపరిచే ఒక మాటతో ఉన్న మొక్కల పేర్లని సవరించాలని 2024లో మాడ్రిడ్ సభలో ఓటు వేశారు.

నా మటుకు నాకు రెండు వైపులా సబబు కనిపిస్తుంది. కానీ ఈ వాదన చదివాక ఒక విషయం స్పష్టమైంది. ఈ నియమావళి న్యాయం కోసం పుట్టింది కాదు, నిలకడ కోసం పుట్టింది. ముందు ఎవరికి తెలుసు అని అది అడగదు. ముందు ఎవరు అచ్చువేశారు అని మాత్రమే అడుగుతుంది. ఈ తేడా మన తెలుగువాళ్లకి ఎంత దగ్గరిదో చెప్పడానికే ఇంతసేపూ తీసుకొచ్చాను.

విశాఖపట్నంలో ఒక డాక్టరు

ప్యాట్రిక్ రస్సెల్ స్కాట్లండ్ డాక్టరు. ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న తమ్ముడితో కలిసి విశాఖపట్నం వచ్చాడు. 1785లో కంపెనీ తరపున ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా నియమితుడయ్యాడు. పాముకాటుతో జనం చనిపోవడం చూసి, ఏవి విషపు పాములో ఏవి కావో తేల్చాలని పూనుకున్నాడు. పాములని సేకరించి, బొమ్మలు వేయించి, 1796లో కోరమాండల్ తీరపు పాముల మీద పెద్ద గ్రంథం అచ్చువేయించాడు. తర్వాత 1803లో విశాఖపట్నం చేపల మీద ఇంకో గ్రంథం.

రస్సెల్ చేసిన మంచిపని ఏమిటంటే, బొమ్మ పక్కన స్థానికులు చెప్పిన పేరుని ఇంగ్లీషు అక్షరాల్లో రాసిపెట్టాడు. రక్తపింజరి బొమ్మకి ఆయన రాసుకున్న పేరు తెలుగులో చదువుకుంటే 'కాటుక రేకుల పొడ'. కాటుక రంగు రేకుల్లాంటి మచ్చలున్న పొడపాము! ఆ పాముని చూసినవాళ్లకి తెలుస్తుంది ఆ పేరు ఎంత కచ్చితమైనదో. పసుపు, నలుపు కట్లున్న ఇంకో పాముకి 'బంగారు పాము' అని రాశాడు.

కానీ రస్సెల్ వాటికి లాటిన్‌లో రెండు మాటల పేర్లు పెట్టలేదు. పుస్తకం యూరప్ చేరింది. అక్కడివాళ్లు ఆ బొమ్మలు చూసి పేర్లు పెట్టారు. బంగారు పాముకి 1801లో జర్మనీకి చెందిన ష్నైడర్ జాతి పేరు పెట్టాడు. 1803లో ఫ్రాన్స్‌లో దోదాన్ ఆ పాముల ప్రజాతికి 'బంగారస్' అన్నాడు. అవునండీ, మన బంగారమే! ఇవాళ ఇండియా నుంచి ఇండోనేషియా దాకా ఉన్న కట్లపాములన్నిటికీ ఇంటిపేరు బంగారస్. చేపల సంగతీ అంతే. మన కోస్తావాళ్లు ఇష్టంగా తినే కానాగంత శాస్త్రీయ నామం 'రాస్ట్రెలిగర్ కనగుర్తా'. కనగుర్తా అంటే రస్సెల్ విశాఖపట్నంలో విని రాసుకున్న మాటే. వాలుగ చేప ప్రజాతి పేరు 'వల్లాగో', అదీ ఆయన పుస్తకంలో ఎక్కిన తెలుగే. మలేసియాలో, గల్ఫ్‌లో చేపల శాస్త్రం చదివే పిల్లలు తమకి తెలియకుండానే రెండు తెలుగు మాటలు బట్టీ పడుతున్నారు.

రక్తపింజరికి 1797లో ఇంగ్లండ్‌లో రస్సెల్ గౌరవార్థం ఆయన పేరే పెట్టారు. అచ్చులో ఆయన పేరుకి రెండు 'ఎల్' అక్షరాలకి బదులు ఒకటే పడింది. తర్వాత రెండొందల ఏళ్లు కొందరు ఒకటి, కొందరు రెండు రాస్తూ వాదించుకున్నారు. ఇవాళ ఎక్కువమంది ఒకటే రాస్తున్నారు. మొదటిసారి ఎలా అచ్చయిందో అలాగే ఉంచాలన్నది నియమం. పదో తరగతి సర్టిఫికెట్‌లో గుమాస్తా ఏ స్పెల్లింగు రాస్తే దాన్నే పాస్‌పోర్టులోనూ, వీసాలోనూ, గ్రీన్‌కార్డులోనూ మోసుకొచ్చిన మనకి ఈ నియమం గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు లెక్క చూద్దాం. పాముని ఎరిగినవాడు ఒకడు, విశాఖ చుట్టుపక్కల పొలాల్లో తిరిగేవాడు. అతను పేరు చెప్పాడు. విన్నది రస్సెల్, రాసుకున్నాడు. ఆ పాము ఇంటికి వేల మైళ్ల దూరంలో, పుస్తకం చూసి పేరు పెట్టినవాళ్లు ష్నైడర్, దోదాన్. నియమావళి ప్రకారం శాస్త్రీయ నామం పక్కన చోటు దక్కేది పేరు పెట్టినవాళ్లకే. రస్సెల్‌కి ఒక పాము పేరులో చోటు దక్కింది, ఒక అక్షరం తక్కువతో. మాట దక్కింది తెలుగువాడిది, కానీ ఆ మాట చెప్పిన మనిషికి ఎక్కడా చోటు లేదు. ఇందులో కుట్ర ఏమీ లేదు. కాగితం మీద పడినది మిగిలింది, పడనిది పోయింది. అంతే.

మన వంతు

శాస్త్రీయ నామాలకి కమిషన్ ఉంది, నియమావళి ఉంది, మ్యూజియంలో మూలదస్తావేజులున్నాయి. తెలుగు పేర్లకి అవేమీ లేవు. కాటుక రేకుల పొడ అన్న మాట ఈ సభలో ఎంతమంది విని ఉంటారు? రస్సెల్ రాసుకోకపోతే నాకూ తెలిసేది కాదు. ఆయన వెళ్లని ఊళ్లలో, ఆయన రాయని మాటలు ఎన్ని పోయాయో లెక్క ఎవరి దగ్గరా లేదు.

స్థానికులకి తెలిసినదాని విలువ ఎంతో కలివికోడి చెబుతుంది. ఇది రాత్రిపూట తిరిగే పక్షి. 1848లో దానికి శాస్త్రీయ నామం వచ్చింది. 1900 తర్వాత శాస్త్రజ్ఞులెవరికీ కనిపించలేదు, అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లాలో ఐతన్న అనే ఆయన దాన్ని పట్టుకుని చూపించాడు. పుస్తకాలు లేదన్న పక్షి, కలివి పొదల పేరు తగిలించుకుని, ఆ ఊళ్ల మాటల్లో అప్పటికీ బతికే ఉంది. పేరు బతికి ఉండబట్టే ఏది వెతకాలో ఎవరిని అడగాలో తెలిసింది.

కొత్త పేర్లు ఇప్పటికీ పుడుతూనే ఉన్నాయి. అరకు కొండల్లోని ఒక చిన్న బల్లికి 2019లో అరకు పేరుతోనే శాస్త్రీయ నామం పెట్టారు. ఆ బల్లిని అక్కడి గిరిజనులు ఏమని పిలుస్తారో కూడా ఎవరైనా అడిగి రాసిపెడితే ఎంత బాగుంటుంది!

అడవులకి వెళ్లి పాములు పట్టమని మిమ్మల్ని అడగను. మీ అబ్బాయి ఒప్పుకున్నా మీ ఆవిడ ఒప్పుకోదు. నేను అడిగేది ఇంట్లో కూర్చుని చేసే పని. మనలో చాలామంది ఇళ్లకి అమ్మానాన్నలు ఆరునెలల వీసా మీద వస్తుంటారు. పగలంతా మనం ఆఫీసులో, పిల్లలు బడిలో, వాళ్లు టీవీ ముందు. వాళ్ల తలలో ఒక ఊరి చేపలు, పిట్టలు, పురుగులు, పాములు పేర్లతో సహా ఉన్నాయి. ఇండియన్ పక్షుల బొమ్మల పుస్తకం ఒకటి వాళ్ల ముందు పెట్టండి. మనవరాలిని పక్కన కూర్చోబెట్టండి. ఒక్కో బొమ్మకీ ఐదు విషయాలు రాయించండి: వాళ్లు చెప్పిన పేరు, శాస్త్రీయ నామం, ఏ ఊరి మాట, ఏ తేదీన చెప్పారు, ఎవరు చెప్పారు. ఈ ఐదోది మాత్రం వదలకండి. రస్సెల్ కాలంలో పోయినది అదే. రెండు ఊళ్లవాళ్లు రెండు పేర్లు చెబితే కొట్లాడుకోవద్దు, రెండూ రాయండి. తెలుగు పేర్లకి ముందొచ్చినవాడిదే హక్కు అన్న నియమం లేదు, ఉండకూడదు కూడా. సహస్రనామాలు ఇక్కడే ఉండాలి.

చివరిగా ఒక నియమం చెప్పి ముగిస్తాను. సభలకి వచ్చినవాళ్లకి పంచే ఉపన్యాస పాఠాలలో ఒక జంతువుకి కొత్త పేరు పెడితే అది చెల్లదని నియమావళిలో రాసి ఉంది. అంటే నేను ఈ సావనీర్‌లో ఏ పురుగుకైనా మా అమ్మాయి పేరు పెట్టినా కమిషన్ ఒప్పుకోదు. కానీ తెలుగు పేర్లకి అలాంటి అడ్డు ఎవరూ పెట్టలేదు. రెండేళ్ల తర్వాత వచ్చే సావనీర్‌లో సంపాదకులు నాలుగు పేజీలు కేటాయిస్తే చాలు. మీ అమ్మగారు చెప్పిన పేరు, పక్కన ఆవిడ పేరు, ఆవిడ ఊరు, తేదీతో సహా అచ్చవుతాయి. జాబితా పంపండి, టైపు చేసి సరిచూసే పని నేను చేస్తాను.

 భోజనాలకి లేవండి. సెలవు.